వార్డులో నేర్చిన విద్య

మన అధ్యక్ష మండల శతవార్షికోత్సవ సంచికకు ఏదైనా వ్రాయమని సంపాదకవర్గము వారు అడిగినప్పుడు ముందు తప్పించుకోజూచాను. దేవాలయముల కట్టడమును గురించి, తొలినాటి పాస్టర్లను గురించి, బోర్డింగు పాఠశాలలను గురించి వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను నలభై ఏండ్లకు పైగా ఆసుపత్రి వార్డులలో తిరిగినవాడిని. నాకు తెలిసినది అదొక్కటే. "అయితే దాన్ని గురించే వ్రాయండి" అన్నారు. అందుచేత, ఒక డాక్టరు మరొక డాక్టరును ఎట్లు తయారు చేస్తూ వచ్చాడో, ఆ చరిత్రలో నాకు తెలిసినంత మట్టుకు మీ ముందు పెడుతున్నాను.

ఇది డాక్టర్ల ఇంటి గొడవ అని ప్రక్కకు పెట్టవద్దని మనవి. ప్రతి సంవత్సరము మన సంఘములలో ఒకరిద్దరు పిల్లలకైనా మెడికల్ కాలేజీలోనో, నర్సింగు స్కూలులోనో సీటు వస్తుంది. తలిదండ్రులు ఆదివారము కృతజ్ఞతార్పణ చెల్లిస్తారు, అయ్యగారు ప్రార్థన చేస్తారు, అందరము సంతోషిస్తాము. ఆ తరువాత ఆ బిడ్డ ఎవరి చేతి క్రింద, ఏ విధముగా నేర్చుకొంటున్నదో అడిగేవారు ఉండరు. రేపు మన మంచము దగ్గరకు వచ్చి చేయి పట్టుకొని నాడి చూసేది ఆ బిడ్డే.

రోగి మంచము దగ్గర వైద్యము నేర్పడమనేది ఎప్పుడూ ఉన్న ఏర్పాటు కాదు. 18వ శతాబ్దపు తొలి భాగములో హాలెండు దేశపు లైడెన్ పట్టణములో బోర్హావే అనే ఆచార్యుడు పన్నెండు మంచములు మాత్రమే ఉన్న చిన్న వార్డులో, ఆరు పురుషులకు, ఆరు స్త్రీలకు, విద్యార్థులను వెంటబెట్టుకొని తిరుగుతూ బోధించేవాడు. ఆ పన్నెండు మంచముల దగ్గర నేర్చినవారు ఎడిన్‌బరోకు, వియన్నాకు పోయి అదే పద్ధతి నాటారు. అయినా ఆ తరువాత నూటయాభై ఏండ్లకు కూడ అమెరికాలో రోగిని తాకకుండానే, ఉపన్యాసములు విని పట్టాలు పుచ్చుకొన్న డాక్టర్లు ఎందరో. 1910లో ఫ్లెక్స్‌నర్ అనే ఆయన అమెరికా, కెనడాలలోని 155 వైద్య పాఠశాలలను చూచి నివేదిక వ్రాసినప్పుడు చాలా పాఠశాలలకు సరైన ఆసుపత్రి అండ లేదని తేలింది.

ఆ నివేదికకు ఆదర్శముగా నిలిచినది బాల్టిమోర్ నగరములోని జాన్స్ హాప్కిన్స్. 1889లో ఆసుపత్రి, 1893లో వైద్య పాఠశాల తెరిచారు. అక్కడ విలియం ఆస్లర్ గారు చేసినది వింటే ఇప్పుడు మనకు వింతగా తోచదు. విద్యార్థులకు తలా కొందరు రోగులను అప్పగించి, వారి కథ విని వ్రాయడము, రక్తము మూత్రము పరీక్షించడము, రౌండ్లలో పెద్దల ఎదుట నిలబడి చెప్పడము వారి పనిగా పెట్టాడు. అంతవరకు విద్యార్థి వార్డుకు చుట్టపుచూపుగా వచ్చేవాడు. ఆస్లర్ వానిని వార్డు మనిషిని చేశాడు. శనివారము సాయంకాలము విద్యార్థులను ఇంటికి పిలిచి మాట్లాడేవాడు. ప్రక్క ఇంటిలో ఉండే కొందరు యువ డాక్టర్లకు తన ఇంటి తాళపుచెవులే ఇచ్చాడు. వచ్చి పుస్తకములు చదువుకొని పోవచ్చును. తన సమాధి మీద, వార్డులలో విద్యార్థులకు బోధించినవాడు అని వ్రాస్తే చాలునని 1903లో ఒక సభలో అన్నాడు. వైద్యశాస్త్రములో పెద్ద గ్రంథము వ్రాసిన మనిషి ఆ గ్రంథమును గురించి అనలేదు చూడండి.

అదే ఆసుపత్రిలో, అదే కాలములో, శస్త్రచికిత్స విభాగమునకు అధిపతి హాల్‌స్టెడ్. చేతులకు రబ్బరు తొడుగులు వాడుకలోకి తెచ్చినది ఆయన విభాగమే. ఆయన పెట్టిన శిక్షణ పద్ధతి వేరు. యువ డాక్టర్లు ఆసుపత్రిలోనే కాపురము ఉండాలి, పెండ్లి చేసుకోరాదు, ఎన్ని ఏండ్లు పడుతుందో ఎవరూ చెప్పరు. అడుగున చాలామంది చేరుతారు, ఏటేటా కొందరు జారిపోతారు, శిఖరమున ఒక్కడు మిగులుతాడు. ముప్పై మూడు ఏండ్లలో ఆయన క్రింద ఆ శిఖరమునకు చేరినవారు పదిహేడు మందే. ఆ పదిహేడు మంది అమెరికా అంతటా ఆచార్యులై అదే పద్ధతిని విస్తరింపజేశారు. మన పీజీ డాక్టర్లను నేటికీ రెసిడెంట్లు అంటున్నాము కదా, ఆ మాట అప్పటి కాపురపు మాటే. ఇంకొక సంగతి కూడ చెప్పవలసి ఉన్నది. కొకెయిన్ మందు శరీరమును ఎట్లు తిమ్మిరి చేస్తుందో తన మీదే ప్రయోగించుకొని ఆయన దానికి బానిస అయ్యాడు, తరువాత మార్ఫియాకు అలవాటు పడ్డాడు. నిద్ర లేకుండా, ఇల్లు లేకుండా పని చేస్తేనే డాక్టరు అవుతాడన్న నమ్మకము మనకు ఇచ్చిపోయినది అటువంటి మనిషి. నాకు ఆయన చేతి పనితనము మీద గౌరవమే గాని, ఆ నమ్మకము మీద లేదు.

ఎందుకు లేదో చెప్పుటకు నా కథ కొంచెము చెప్పుకోవాలి.

నేను హౌస్ సర్జన్‌గా చేరి మూడు వారములైనది. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ అవసరము లేదు. పొట్ట ఆపరేషన్ అయిన ఒక కుర్రవానికి రాత్రి ఎంత మూత్రము వచ్చినదో కేసు షీటులో నేను వ్రాయలేదు. ఉదయము రౌండ్లలో పెద్ద డాక్టరు గారు ఆ షీటు తెరిచి, చూచి, ఒక్క మాట అనకుండా నా కాళ్ల దగ్గరకు విసిరారు. కాగితములు మంచము క్రిందకు పోయినవి. వార్డు అంతా నిశ్శబ్దము. ఆ కుర్రవాని తల్లి నేల మీద కూర్చుని ఉన్నది. ఆమె వంగి వాటిని ఏరి, కొంగుతో దుమ్ము తుడిచి, "తీసుకో నాయనా" అని నా చేతిలో పెట్టింది. ఆనాటినుండి నేను ఆ గడి ఖాళీగా వదలలేదు, అది నిజమే. అయితే దానితోబాటు కేసు షీటు ఎట్లు విసరాలో కూడ నేర్చుకొన్నాను. ఆ సంగతి నాకు పదేండ్లకు గాని తెలియలేదు. అక్కడికి తరువాత వస్తాను.

ఇప్పుడు రాయవేలూరు సంగతి. మన తెలుగువారిలో పెద్ద జబ్బు చేస్తే కాట్పాడిలో రైలు దిగనివారు తక్కువ. చిత్తూరు ప్రక్కనే గదా. ఆ ఆసుపత్రి ఐడా స్కడ్డర్ అమ్మగారిదని అందరికీ తెలుసు. తిండివనములో ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు కాన్పు కష్టమై, మగ డాక్టరు చేత చూపించుకొనుటకు ఇంటివారు ఒప్పుకోక మరణించిన కథ మన సండేస్కూలు పిల్లలు కూడ చెబుతారు. ఆ కథ తరువాత జరిగినదే ఎక్కువమందికి తెలియదు. 1899లో ఆమె అమెరికాలో వైద్యపట్టా తీసుకొని, తండ్రి జాన్ స్కడ్డర్ గారి ప్రక్కన నిలబడి పని నేర్చుకోవాలని 1900 జనవరిలో వచ్చింది. మే నెలలో తండ్రి మరణించాడు. పట్టా ఉన్నది, నేర్పే పెద్ద దిక్కు లేదు. కొత్త డాక్టరుకు అంతకంటె ఒంటరితనము ఉండదని నా అనుభవము.

1902లో ఆసుపత్రి కట్టినది. తాను ఒక్కతె ఎన్ని చేతులతో చేసినా చాలదని తెలిసి, నేర్పడమే మార్గమని పట్టుకొన్నది. 1918 ఆగస్టులో స్త్రీలకు వైద్య పాఠశాల తెరిచింది. ఎల్.ఎం.పి. చదువు. మద్రాసు ప్రభుత్వపు వైద్యశాఖ పెద్ద, ఆడపిల్లలు ఈ పరీక్షలు నెగ్గుతారని ఆశ పెట్టుకోవద్దని ముందే హెచ్చరించాడు. మగపిల్లలలోనే అయిదుగురిలో ఒకడు నెగ్గితే గొప్పగా ఉండే రోజులవి. ఆమె వద్ద పరీక్షకు కూర్చున్న పద్నాలుగు మందీ నెగ్గారు. ఇందులో మర్మము లేదు. ఆమె వారి మధ్యనే ఉన్నది. వారికి శరీరశాస్త్రము చెప్పినది ఆమె, ఆపరేషన్‌లో చేయి పట్టి చూపినది ఆమె. గుడియాత్తము దారిలో చెట్ల క్రింద ఆగి ఆగి రోగులను చూచునప్పుడు బండిలో వెంట తీసుకొని పోయినది ఆమె. రోడ్డు ప్రక్కన పుండు కడగడము గురువు తానే చేస్తుంటే శిష్యురాలు అది చిన్న పని అని ఎట్లు అనుకొంటుంది?

1937లో ప్రభుత్వము ఎల్.ఎం.పి. చదువు ఎత్తివేయ నిశ్చయించి, ఎం.బి.బి.ఎస్. స్థాయి ఉంటేనే పాఠశాల నిలుస్తుందన్నది. పెద్ద చదువులు చదివిన అధ్యాపకులు కావాలి, మంచములు పెరగాలి, డబ్బు కావాలి. డెబ్బయి ఏండ్ల ముసలితనములో ఆమె అమెరికాకు పోయి ఊరూరా అడిగింది. 1942లో మద్రాసు విశ్వవిద్యాలయపు గుర్తింపు వచ్చింది. 1947నుండి మగపిల్లలను కూడ చేర్చుకొన్నారు. 1960లో ఆమె కన్నుమూసింది.

ఆ కాలములో వేలూరుకు వచ్చినవారే పాల్ బ్రాండ్ గారు. 1914లో కొల్లి కొండలలో మిషనెరీ తలిదండ్రులకు పుట్టి, లండనులో శస్త్రచికిత్స నేర్చి, 1946లో వచ్చాడు. కుష్ఠురోగుల వంకరపోయిన వేళ్లను ఆపరేషన్‌తో తిరిగి పనికి తెచ్చిన ఘనత ఆయనది. దానికంటె నాకు ఎక్కువగా గుర్తుండేది ఆయన తన పుస్తకములో చెప్పిన ఒక చిన్న సంఘటన.

ఒకనాడు వేలూరు వార్డులో ఒక యువ డాక్టరు రోగి మంచము ప్రక్కన మోకరించి పొట్ట మీద చేయి వేసి పరీక్షిస్తున్నాడు. నొప్పి ఎక్కడ అని అడుగుతూ రోగి ముఖములోకి చూచాడు. ఆ చూపు, ఆ కనుబొమ్మలు, ఆ చిరునవ్వు చూచి బ్రాండ్ గారు ఉలిక్కిపడ్డారు. అది లండనులో తనకు నేర్పిన ప్రొఫెసర్ పిల్చర్ గారి ముఖము! ఈ కుర్రవాడు ఇంగ్లండు పోలేదు, పిల్చర్ వేలూరు రాలేదు. ఆయనను అనుకరిస్తున్నావా ఏమి అని అడిగితే విద్యార్థులందరూ తెల్లబోయి, తరువాత నవ్వి, పిల్చర్ ఎవరో మాకు తెలియదు, అది మీ ముఖమేనండీ అన్నారట. గురువు దగ్గర బ్రాండ్ తెలియకుండానే తీసుకొన్న దానిని, శిష్యులు బ్రాండ్ దగ్గర తెలియకుండానే తీసుకొన్నారు. ఏ పాఠ్యపుస్తకములోనూ ఆ చిరునవ్వును గురించి ఒక పేరా లేదు.

ఇది చదివిన రోజున నేను చాలాసేపు ఊరకే కూర్చుండిపోయాను. చిరునవ్వు అట్లు దిగివస్తే, విసిరిన కేసు షీటు కూడ అట్లే దిగివస్తుంది గదా.

బ్రాండ్ గారి శిష్యులలో మేరీ వర్గీస్ గారిని గురించి చెప్పకుండా ముందుకు పోలేను. కేరళకు చెందిన ఆమె వేలూరులో చదివిన యువ డాక్టరు. 1954 జనవరిలో కారు ప్రమాదములో వెన్నెముక దెబ్బతిని నడుము క్రింద చచ్చుబడిపోయింది. ఇక డాక్టరు పని లేదనే అందరూ అనుకొన్నారు. కుష్ఠురోగుల చేతి ఆపరేషన్లు కూర్చుని చేయవచ్చును గదా అని ఆమెకు చెప్పినది బ్రాండ్ గారు. చెప్పి ఊరుకోలేదు, నేర్పించారు. చక్రాల కుర్చీలో కూర్చుని ఆమె ఆపరేషన్లు చేసింది. తరువాత న్యూయార్కులో డాక్టర్ రస్క్ గారి సంస్థలో పునరావాస వైద్యము అభ్యసించి వచ్చి, వేలూరులో ఆ విభాగమునకు అధిపతి అయినది. వెన్నెముక దెబ్బతిన్నవారిని ఉంచుకొని తిరిగి బ్రతుకుకు అలవాటు చేసే సంస్థ 1966లో అక్కడ తెరిచారు. 1972లో ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. ఒక గురువు ఒక శిష్యురాలిలో మిగిలిన శక్తి ఏమిటో చూచినందువలన ఎన్ని వందల కుటుంబములకు మేలు కలిగినదో లెక్క కట్టలేము.

ఇక నా రెండవ కథకు వస్తాను. నేనూ యూనిట్ చీఫ్ అయ్యాను. ఒకనాడు రౌండ్లలో ఒక హౌస్ సర్జన్ అమ్మాయిని, ఏదో రిపోర్టు తీసి ఉంచలేదని, రోగులందరి ముందు కేకలేసి షీటు విసిరాను. కాగితములు ఆ అమ్మాయే ఏరుకొన్నది. వారము తిరగకముందే, ఆమె రాత్రి డ్యూటీలో ఉండగా, ఆ పగలు నేను ఆపరేషన్ చేసిన మనిషికి లోపల రక్తము కారుట మొదలైనది. నాడి తొంభై, నూటపది, నూటముప్పై అని గంట గంటకూ చక్కగా వ్రాసింది. గడి ఒక్కటి కూడ ఖాళీ లేదు. నన్ను మాత్రము పిలువలేదు. నా ఇల్లు ఆసుపత్రికి పది నిమిషముల దూరము. తెల్లవారి ఏడు గంటలకు నేను వచ్చి చూచి, మళ్లీ పొట్ట తెరిచి, రక్తము ఎక్కించి, ఎట్లో దక్కించుకొన్నాము. దక్కించినది మేమని అనడము కూడ నాకు సిగ్గే. "ఎందుకు పిలువలేదమ్మా?" అంటే తల వంచుకొని, "మీరు తిడతారని సార్" అన్నది.

ఆ తరువాత డ్యూటీ గదిలో ఒక అట్ట మీద వ్రాసి తగిలించాను. నాడి నూటఇరవై దాటితే నాకు కబురు చేయాలి, ఎందుకు చేశారని అడగను అని. మొదటి నెల ఎవ్వరూ కబురు చేయలేదు. అట్ట చూచి ఎవరు నమ్ముతారు? రెండవ నెలలో ఒకరు అనవసరముగా అర్ధరాత్రి పిలిచారు. నేను వెళ్లి, రోగిని చూచి, మంచి పని చేశావని చెప్పి, క్యాంటీన్‌లో టీ తాగించి వచ్చాను. అది వార్డు అంతా పాకింది. మూడవ నెలనుండి పిలువసాగారు. కోపము ఒక్కసారి చూపితే చాలు, భయము నిలిచిపోతుంది. దానిని పోగొట్టుటకు నాకు మూడు నెలలు పట్టింది.

ఇది నా ఒక్కని కథ కాదు. 1984లో న్యూయార్కులో పద్దెనిమిదేండ్ల అమ్మాయి ఆసుపత్రిలో చేరిన కొన్ని గంటలలోనే మరణించింది. ఆమెను చూచినవారు చాలా గంటలుగా డ్యూటీలో ఉన్న శిక్షణలోని డాక్టర్లు, పెద్ద డాక్టరు ఫోనులో మాట్లాడాడే గాని ఎదుట లేడు. ఆ తండ్రి పత్రికారచయిత, విడిచిపెట్టలేదు. 1989నుండి న్యూయార్కు రాష్ట్రములో వారమునకు 80 గంటలకు మించి పని చేయించరాదని, పెద్దల పర్యవేక్షణ ఉండాలని నిబంధన వచ్చింది. 2003లో అది అమెరికా అంతటా అయినది. హాల్‌స్టెడ్ గారి గోపురమునకు నూరేండ్ల తరువాత మొదటి కిటికీ పెట్టినట్లయినది.

మన దేశములో 1992లోనే కేంద్ర ఆరోగ్యశాఖ, రెసిడెంట్లతో ఏకధాటిగా మామూలుగా 12 గంటలకు మించి పని చేయించరాదని ఉత్తరువు ఇచ్చినది. ఎన్ని వార్డులలో అది అమలైనదో మీ బంధువులలో పీజీ చేసినవారిని అడిగితే నవ్వుతారు. 2024లో జాతీయ వైద్య కమిషన్ నియమించిన కార్యదళము వైద్యవిద్యార్థుల మనోవేదనను గురించి విచారించి, వారమునకు 74 గంటలు మించరాదని, ఒకరోజు సెలవు ఉండాలని సిఫారసు చేసింది. సిఫారసుకు, రాత్రి రెండు గంటల వార్డుకు మధ్య ఎంత దూరమో అందులో ఉన్నవారికే తెలుసు. ర్యాగింగ్ నిషేధపు నిబంధనలు 2021లో మరల వచ్చినవి. అవి హాస్టలును దృష్టిలో పెట్టుకొన్నవి గాని, రౌండ్లలో అందరి ఎదుట జరిగే అవమానమునకు మనము ఇంకా శిక్షణ అనే పేరే పెడుతున్నాము.

మంచి మార్పులు లేవని అనను. 2019లో ఎం.బి.బి.ఎస్. పాఠ్యక్రమము మార్చి, రోగితో ఎట్లు మాట్లాడాలో, చెడువార్త ఎట్లు చెప్పాలో కూడ పాఠములో చేర్చారు. ప్రతి నైపుణ్యమును గురువు స్వయముగా చూచి లాగ్‌బుక్కులో సంతకము చేయాలి. ఆలోచన చక్కనిది. కాని ఏడాది చివరి వారములో పుస్తకములన్నీ కట్టగా తెచ్చి, ఒక్క కూర్చునికిలో సంతకములు చేయించుకొన్న చోటును కూడ నేను ఎరుగుదును. పాపము, ఆ అధ్యాపకుని తప్పు మాత్రమే అనలేము. దేశములో ఎం.బి.బి.ఎస్. సీట్లు 2014లో దాదాపు 51 వేలు, 2024 నాటికి లక్షా పదివేలు దాటినవి. తెలంగాణలో జిల్లా జిల్లాకూ కాలేజీ అన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో విజయనగరము, రాజమండ్రి, ఏలూరు, మచిలీపట్నము, నంద్యాలలో కొత్తవి తెరిచారు. సంతోషమే, మన పేదపిల్లలకు సీట్లు దొరుకుతున్నవి. అయితే భవనము రెండేండ్లలో లేస్తుంది, గురువు తయారగుటకు ఇరవై ఏండ్లు పడుతుంది. పైగా అధ్యాపకుని ప్రమోషన్ కొరకు ప్రచురించిన వ్యాసములు లెక్కిస్తారు. రోగి ప్రక్కన ఒక విద్యార్థిని పది నిమిషములు గమనించి, తరువాత ఏకాంతముగా పిలిచి తప్పు చెప్పినవానికి ఏ కాగితము మీదా లెక్క లేదు. నన్ను అడిగితే అన్నిటికంటె ముందు మార్చవలసినది అదే.

సంఘముగా మనము చేయగలిగినది ఏమున్నదని అడుగుతారు. సెలవులకు ఇంటికి వచ్చిన బిడ్డను మార్కులెన్ని అని అడిగే ముందు, రాత్రి సందేహము వస్తే ఎవరిని పిలుస్తావమ్మా అని అడిగి చూడండి. జవాబు చెప్పుటకు ఆలోచిస్తే ఆ బిడ్డ కష్టములో ఉన్నదని అర్థము. మన ఊరి ఆసుపత్రిలో హౌస్ సర్జను చేయి వణుకుతూ సూది గుచ్చితే కేకలు వేయకుండా ఒక్క నిమిషము ఓపిక పట్టండి. వానికి ఆ రోజు అప్పటికే చాలా కేకలు పడి ఉండవచ్చును.

మా సంఘములో విశ్రాంత డాక్టర్లము ముగ్గురము ఉన్నాము. పోయిన సంవత్సరమునుండి శుక్రవారము సాయంకాలము పారిష్ హాలులో ఒక గంట కూర్చుంటున్నాము. వైద్యవిద్యార్థులు, నర్సింగు విద్యార్థులు ఎవరైనా, ఏ మతము వారైనా రావచ్చునని బోర్డు పెట్టించాము. మొదటి రెండు వారములు మేము ముగ్గురమే టీ తాగి ఇంటికి పోయాము. మూడవ శుక్రవారము ఒక హౌస్ సర్జన్ కుర్రవాడు వచ్చి, చాలాసేపు తలుపు దగ్గరనే నిలబడి, చెల్లెలి పెండ్లికి రెండు రోజులు సెలవు కావాలని తన చీఫ్‌ను ఎట్లు అడగాలో చెప్పమన్నాడు. మాలో పెద్దాయన కాగితము తెప్పించారు. ముగ్గురము కూర్చుని ఆ అర్జీ వ్రాయించాము.